‘స్టార్వ్’ అన్న ఒక్క మాట

క్రాగ్‌బెక్, యార్క్‌షైర్
1946 అక్టోబర్ 27

ఐవీకి,

క్షేమంగా చేరాను. లీడ్స్‌లో రైలు మారేటప్పుడు ఎవరో పెద్దమనిషి నా పెట్టె అందించాడు. అక్కణ్ణుంచి బస్సు ఆలస్యం. వంతెన దగ్గర దిగేసరికి పొద్దు గుంకింది. పక్కింటి జెత్రో లాంతరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాళ్లావిడ నాన్ అప్పటికే మా ఇంట్లో పొయ్యి రాజేసి ఉంచింది. దాని ముందు కూర్చున్నాక గానీ నాకు ప్రాణం కుదుటపడలేదు.

నువ్వు నన్ను బాగానే చూశావు. వీధివైపు పెద్ద గది నాకిచ్చావు. నాకు కావలసింది రూత్‌ని చూడడం, చూశాను. నాలుగేళ్లు నిండకుండానే దాని నడక అచ్చం వాళ్ల నాన్నది. ఎడమ పాదం కొంచెం లోపలికి వేస్తుంది. ఇటలీలో రూబెన్ సమాధి దగ్గరికి నేనెలాగూ వెళ్లలేను, వాడి నడకైనా చూసి వచ్చాను.

ఇక్కడ అందరూ అడుగుతున్నారు, దక్షిణాది ఎలా ఉంది, కోడలు ఎలా చూసింది అని. చెప్పాను.

గొర్రెలు బాగున్నాయి. పోయిన వేసవంతా వానలే కదా, కొండమీది బురదనేలలో మేము కోసుకునే పీట్ గడ్డలు సరిగా ఎండలేదు. పొయ్యిలో పెడితే పొగే గానీ మంట రావడం లేదు. ఈ ఏడు బొగ్గు మీదే ఆధారపడాలి.

డోర్కస్ ఆల్డర్సన్


లూయిస్, ససెక్స్
1946 నవంబర్ 24

శ్రీమతి డోర్కస్ ఆల్డర్సన్ గారికి,

‘అత్తయ్యగారూ’ అని రాయబోతే చెయ్యి రాలేదు.

నిన్న మా కొట్టుకి మిసెస్ టప్పెన్ వచ్చింది. ఆవిడ చెల్లెలు మిస్ పెన్‌ఫోల్డ్ మీ ఊరి బడిలో పంతులమ్మ, మీకు తెలుసు. శనివారం కావడంతో బొత్తాలకీ దారాలకీ వచ్చినవాళ్లతో కొట్టు నిండిపోయి ఉంది. ఆవిడ అందరి మధ్యలోంచి అడిగింది.

“ఏమ్మా ఐవీ, మీ అత్తగారు రేషన్ పుస్తకం తెచ్చుకోలేదా?”

“తెచ్చుకున్నారండీ. ఎందుకలా అడుగుతున్నారు?”

“ఏం లేదులే. నీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ స్టార్వ్ అయిపోయానని ఊరంతా చెబుతోందట. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా స్టార్వేనట. మా చెల్లెలు రాసింది.”

పక్కనున్నావిడ అందుకుంది. “పోనీ కాస్త సూపైనా పోయాల్సిందమ్మా. ముసలాళ్లు ఎంత తాగుతారు గనక.”

అందరూ నవ్వారు. నేను రిబ్బను కొలుస్తున్నాను. ఎంత కొలిచానో మరిచిపోయి మళ్లీ మొదటినుంచి కొలిచాను. అప్పుడూ నవ్వారు.

స్టార్వ్ అయ్యారా మీరు? తిండిలేక మాడిపోయారా, నా ఇంట్లో? నా వంతు వెన్నంతా మీ రొట్టెకే రాశాను. రూత్‌కి వచ్చే గుడ్డు మీకు ఉడకబెట్టి, దానికి గుడ్డు పొడి కలిపిచ్చాను. ఆదివారం మాంసం మీ ఇద్దరికీ వడ్డించి నేను బంగాళాదుంపలతో సరిపెట్టుకున్నాను. ఇంకో ముక్క వేసుకోండి అంటే ‘చాలు, పొట్ట నిండిపోయింది’ అన్నది మీరు కాదా? నచ్చకపోతే నా మొహం మీదే అనాల్సింది. మూడొందల మైళ్ల అవతలికి వెళ్లి ఊరిని పోగేసి చెప్పడం ఏం పద్ధతి?

రూబెన్ ఒకసారి నాతో ఒక మాట అన్నాడు. మీకు చెప్పకూడదనే అనుకున్నాను. యుద్ధం అయిపోయాక మళ్లీ క్రాగ్‌బెక్ మొహం చూడనన్నాడు. ఎందుకన్నాడో అప్పట్లో నాకు అర్థం కాలేదు. ఇప్పుడైంది.

ఐవీ ఆల్డర్సన్


క్రాగ్‌బెక్
1946 డిసెంబర్ 2

శ్రీమతి ఐవీ ఆల్డర్సన్ గారికి,

ఉత్తరం అందింది. నేను ఆ మాట అన్నాను. అందులో అబద్ధం లేదు, వెనక్కి తీసుకోను. వెన్న పెట్టావు, గుడ్డు పెట్టావు, కాదన్నదెవరు?

రూబెన్ ఏమన్నాడో తెలియజేసినందుకు సంతోషం. వాడు పుట్టింది ఈ ఇంట్లోనే.

రూత్‌కి క్రిస్మస్‌కి మేజోళ్లు అల్లి పంపుతున్నాను. తొడుగుతావో లేదో నీ ఇష్టం.

డి. ఆల్డర్సన్


క్రాగ్‌బెక్
1947 ఫిబ్రవరి 9

ఐవీకి,

దారి మూసుకుపోయింది. బస్సు లేదు, సరుకు బండి లేదు. జెత్రో ఎలాగో కాలినడకన కిందికి దిగుతున్నాడు, ఈ కాగితం అతని చేతికిస్తున్నాను. అందుకే రెండు ముక్కలు.

ఇక్కడ స్టార్వ్ అయిపోతున్నాను ఐవీ. ఉత్తుత్తినే రాసే మనిషిని కాదు. మీ నడవలో కొక్కేనికి రూబెన్ పెద్ద కోటు ఉంది కదా, అది పంపగలవా? వేరే ఏమీ వద్దు.

రూత్‌కి ముద్దులు.

డోర్కస్


లూయిస్
1947 ఫిబ్రవరి 24

అత్తయ్యగారికి,

మీ జాబు చేరడానికి ఇన్నాళ్లు పట్టింది. దారులు మూసుకుపోయి మీ వైపు కొట్లకి సరుకులు అందడం లేదని పత్రికలో చదివాను. మన మధ్య ఏమున్నా, రూత్ నాయనమ్మ పస్తులుంటే చూస్తూ కూర్చునేదాన్ని కాను. డబ్బా మాంసం, గుడ్డు పొడి, కోకో, ఎండు ద్రాక్ష పంపుతున్నాను. మాంసం డబ్బాల్లో ఒకటి మాది కాదు, పక్కింట్లో అడిగి తెచ్చాను. ఈసారి స్టార్వ్ అయ్యానని ఎవరితోనూ చెప్పనక్కర్లేదనుకుంటాను.

కోటు సంగతి. మీరిక్కడున్నప్పుడు నడవలోంచి వెళ్లిన ప్రతిసారీ దాని చేతిని పట్టుకుని చూడడం నేను గమనించాను. మీ ఉద్దేశం నాకు తెలియకపోలేదు. కానీ మీకు రూబెన్ పెరిగిన ఇల్లంతా ఉంది. వాడుకున్న మంచం ఉంది, బల్ల ఉంది, బడికి వెళ్లిన దారి ఉంది. నాకేముంది? పెళ్లయ్యాక సెలవు దొరికిన రోజులు తప్ప మేము కలిసి ఉన్నది లేదు. ఆ కోటు ఒక్కటే నాకు మిగిలింది. రోజూ గంటల తరబడి కరెంటు తీసేస్తున్నారు, నేనూ రూత్ దాని కిందే పడుకుంటున్నాం.

తిండికి లోటైతే తిండి అడగండి, నాకు లేకపోయినా పంపుతాను. ఆ వంకతో కోటు అడక్కండి.

ఐవీ


లూయిస్
1947 మార్చి 13

అత్తయ్యా,

నిన్న సాయంత్రమే తంతి ఇచ్చాను. మీ వైపు తీగలు తెగిపోయాయట, ఎప్పుడు అందుతుందో చెప్పలేమన్నారు. ఈ ఉదయం కోటు పార్సెల్ కట్టి పంపాను, రెండు ఉన్ని దుప్పట్లు, రూబెన్ స్వెటరు కూడా పెట్టాను. ఇవి అందేసరికి మీరెలా ఉంటారో అన్న ఆలోచన వస్తే కలం ముందుకు సాగడం లేదు.

నాకు తెలియదు అత్తయ్యా. నిజంగా తెలియదు.

మా చర్చికి కొత్త పాస్టరుగారు వచ్చారు, మిస్టర్ హేవర్త్. ఆయన భార్యది లాంకషైర్, ఉత్తరాది మనిషి. నిన్న ఆడవాళ్లందరినీ టీకి పిలిచింది. బొగ్గు ఎక్కడా లేదు, చర్చి హాల్లో పేరుకే ఒక మంట. మిసెస్ హేవర్త్ నోట్లో కేకు, చేతిలో ఇంకో ముక్క. నేను టీ కప్పులు అందిస్తున్నాను.

“అబ్బ, స్టార్వ్ అయిపోతున్నాను” అంది నాతో. “కాస్త ఆ తలుపు వేసి పుణ్యం కట్టుకోమ్మా.”

నేను కేకు పళ్లెం ఆవిడ ముందుకి జరిపాను.

“ఇదెందుకు? చేతిలోదే తినలేకుండా ఉన్నా. తలుపు వెయ్యమన్నా.”

“స్టార్వ్ అన్నారు కదండీ.”

“అన్నా. చూడు ఈ వేళ్లు, ఎట్లా నీలుక్కుపోయాయో.”

“మరి ఆకలేస్తే ఏమంటారు మీరు?”

“ఆకలేస్తే క్లెమ్ అంటాం. స్టార్వ్ అంటే చలేగా. మా అమ్మా అంతే అనేది, మా అమ్మమ్మా అంతే. ఏం, మీరేమంటారు?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అందులో మిసెస్ టప్పెన్ కూడా ఉంది, అందరికంటే ఎక్కువ నవ్వింది. నేను వెళ్లి తలుపు వేశాను. గడియ మీద పెట్టిన చెయ్యి తియ్యలేకపోయాను.

నవ్వులు విని పాస్టరుగారు వచ్చి విషయం కనుక్కున్నారు. ఆయనకి ఇలాంటివంటే సరదాలా ఉంది. పూర్వం స్టార్వ్ అంటే ఊరికే చావడమేనట. జబ్బుతో పోయినా, కత్తివేటుకి పోయినా అదే మాట. తర్వాత చావుకి ‘డై’ అన్న మాట వచ్చి కూర్చుంది, దీనికి చోటు ఇరుకైపోయింది. ఉత్తరాది వాళ్ల నోట్లో చలికి చావడం దగ్గర ఆగింది, మా నోట్లో ఆకలికి చావడం దగ్గర. “ఇప్పుడు చూడండి, పిల్లలు టీ వేళకి ముందు స్టార్వింగ్ అంటారు. చావు పోయి జామ్ రొట్టెకి దిగింది పాపం” అని నవ్వారాయన. రూత్ రోజూ బయట ఆడుకుని వచ్చి అనేది ఆ మాటే.

వాళ్లంతా నవ్వుతుంటే నాకు మీ జాబే కళ్లముందు. ‘ఇక్కడ స్టార్వ్ అయిపోతున్నాను ఐవీ.’ కోటు అడిగారు మీరు. వేరే ఏమీ వద్దన్నారు. నేను డబ్బా మాంసం పంపాను. పంపి, వంక అన్నాను.

ఇంటికొచ్చి మీకిచ్చిన గది తలుపు తీసి నిలబడ్డాను. మంచి గది అనుకున్నాను ఇన్నాళ్లూ. అందులో పొయ్యి లేదు. మా అమ్మ అలవాటు చొప్పున పొద్దున్నే కిటికీలన్నీ బార్లా తెరిచేదాన్ని. మీరు శాలువా కప్పుకుని వంటింట్లోకి వచ్చి పొయ్యి పక్క స్టూలు లాక్కుంటే, ‘మీరు అతిథి, ఇక్కడెందుకు’ అని భుజం పట్టి మళ్లీ ఆ గదిలోకే నడిపించాను. ఒకసారి కాదు. వంటింట్లో మిమ్మల్ని ఉండనివ్వడం లేదనుకున్నారేమో. అలాగే అనుకుని ఉంటారు.

ఇంకొకటి. రూబెన్ ఆఖరి సెలవు అయిపోయి వెళ్లేటప్పుడు స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉన్నాం. జనవరి. తను నా చెయ్యి పట్టుకుని, “స్టార్వ్ అయిపోతున్నా ఐవీ” అన్నాడు. నేను చెయ్యి విడిపించుకుని బన్ను కొనడానికి పరిగెత్తాను. అక్కడ పెద్ద వరస. నేను తిరిగొచ్చేసరికి రైలు కదిలింది. కిటికీలోంచి బన్ను అందించాను, తను నవ్వాడు. ఎందుకు నవ్వాడో నిన్నటిదాకా నాకు తెలియదు. దగ్గరగా నిలబడమన్నాడు నన్ను, అంతే.

దీన్ని మీతో తప్ప ఎవరితో చెప్పుకోను? మీతో చెప్పుకోవడానికి నాకు మొహం ఎక్కడుంది?

ఒక్క ముక్క రాయించండి. తిట్టినా సరే.

ఐవీ


లూయిస్
1947 మార్చి 28

అత్తయ్యా,

జవాబు లేదు. రైల్వే వాళ్లని అడిగితే మీ లోయలోకి ఇప్పుడిప్పుడే దారి తీస్తున్నారట. పార్సెల్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నేనే బయలుదేరాను, లీడ్స్ దాకా వెళ్లి వరదలకి రైళ్లు ఆపేస్తే రూత్‌ని ఎత్తుకుని వెనక్కి వచ్చాను. స్టేషన్లో ఒకామె రూత్‌ని చూసి ఎక్కడికమ్మా అని అడిగింది. ‘నాయనమ్మకి చలేస్తోంది’ అని చెప్పింది అది. నేనేమీ నేర్పలేదు.

జెత్రోగారికి విడిగా రాశాను. ఎవరైనా జవాబివ్వండి.

ఐవీ


క్రాగ్‌బెక్
1947 ఏప్రిల్ 14

ఐవీకి,

బతికే ఉన్నాను. చేతులు సరిగా వంగడం లేదు, అక్షరాలు ఇలాగే ఉంటాయి. కొంచెం కొంచెంగా రాస్తున్నాను.

జెత్రో ఇంట్లో ఉన్నాను. నీ మూడు ఉత్తరాలూ, తంతీ, పార్సెళ్లూ అన్నీ ఒకటొకటిగా చేరాయి. కోటు వచ్చేసరికి నా గుండెల్లో జలుబు తగ్గుముఖం పట్టింది. నాన్ దాన్ని నా మీద కప్పింది. డాక్టరు నా కుడికాలి వేళ్లు రెండు తీసేశాడు. అందుకు నువ్వు ఏడవకు. అవి అప్పటికే నల్లబడ్డాయి, నొప్పి తెలియలేదు.

ఏమైందో చెబుతాను. జనవరి ఆఖర్లో మొదలైన మంచు ఆగలేదు. పీట్ గుట్ట ఎక్కడుందో కూడా కనపడకుండా పోయింది. బొగ్గు బండి రాలేదు. జెత్రో వాళ్లకీ లేదు. తన ఇంటికి రమ్మని పిలిచాడు, ఆ ఇంట్లో అప్పటికే కూతురూ పిల్లలూ ఉన్నారు. నా ఇంట్లోనే బాగున్నాను అన్నాను. కుర్చీలు కాల్చాను. తర్వాత బల్ల కాల్చాను. ఆ తర్వాత రూబెన్ మంచం. నాకు వాడి మంచం ఉందని రాశావే, నువ్వు ఆ ఉత్తరం రాసే నాటికే అది బూడిద. గొడ్డలి ఎత్తలేక రంపంతో కోశాను, తలవైపు వాడు చిన్నప్పుడు మేకుతో గీసిన గొర్రె బొమ్మ ఉన్న చెక్క ఆఖరుకి ఉంచాను. అదీ పెట్టేశాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. దొడ్లో పాత చెక్క దొరికిందని నాన్‌తో అన్నాను.

నీ మొదటి పార్సెల్ జెత్రో కిందినుంచి మోసుకొచ్చిననాడు నేను ఇంకా లేచి తిరుగుతున్నాను. మాంసం గడ్డకట్టి డబ్బాలో రాయిలా ఉంది. నీ ఉత్తరం చదివి నవ్వాను, నిజం. ఆ తర్వాతే జబ్బున పడ్డాను, జెత్రో తన ఇంటికి మోసుకెళ్లాడు.

ఇప్పుడు నా సంగతి. నువ్వు నీకు తెలియదన్నావు. నాకు తెలుసు ఐవీ.

అక్టోబర్లో ప్రార్థన అయ్యాక బయట నిలబడి నాన్‌తో చెబుతున్నాను, కోడలి ఇంట్లో స్టార్వ్ అయిపోయానని. నాన్‌కి అర్థమైంది, ఈ ఊళ్లో పుట్టినదానికి అర్థం కాకపోవడమేముంది. మిస్ పెన్‌ఫోల్డ్ మీ దక్షిణాది మనిషి. పక్కనే ఉండి వింది.

“అయ్యో, మీకు ఆవిడ తిండి పెట్టలేదా?” అంది.

నేను ‘కాదమ్మా, చలి’ అనాలి. ఎంతసేపు పడుతుంది ఆ మాట అనడానికి? అనలేదు. తల వంచుకున్నాను. తల వంచుకుంటే ఏమనుకుంటుందో నాకు తెలుసు. తెలిసే వంచుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని జాలిపడింది. నాకది హాయిగా ఉంది.

ఎందుకంటే ఏం చెప్పను? వాడు ఇటలీ నుంచి రాసినవన్నీ నీకు వచ్చాయి. పోయాడన్న తంతి నీకు వచ్చింది, నాకు నీ ద్వారా తెలిసింది. నీ ఇంట్లో నీ గోడమీద వాడి ఫొటో, నీ కొక్కేనికి వాడి కోటు. నన్ను వీధిగదిలో కూర్చోబెట్టి నువ్వూ పిల్లా వంటింట్లో నవ్వుకుంటుంటే, నేను ఎవరినో చూడ్డానికి వచ్చిన మనిషిలా ఉన్నాను. ఆ కడుపుమంట నాది.

నువ్వు వెన్నా గుడ్డూ లెక్కపెట్టి రాసినప్పుడే, ఏమనుకున్నావో నాకు అర్థమైంది. ఒక్క ముక్క రాస్తే తేలిపోయేది. రూబెన్ గురించి నువ్వు రాసిన వాక్యం చూసి ఆ ముక్క రాయలేదు. మాటలో అబద్ధం లేదు అని మాత్రం రాశాను. తెలివిగా రాశాననుకున్నాను.

ఫిబ్రవరిలో నీకు రాయడానికి కూర్చుంటే నాకు ఇంకో మాట రాలేదు. పుట్టినప్పటినుంచి చలికి నాకున్న మాట అదే. ఆ మాటని నేనే పాడుచేసి, మళ్లీ ఆ మాటతోనే నిన్ను సాయం అడిగాను. నువ్వు పంపింది నేను అడిగినట్టే ఉంది. నీ తప్పు ఇందులో ఎంతుందో నువ్వే చూసుకో, నేను తూచను.

మొన్న కర్ర పట్టుకుని బడికి వెళ్లాను. మిస్ పెన్‌ఫోల్డ్‌తో చెప్పాను.

“మరి ఆనాడే చెప్పొచ్చుగా మిసెస్ ఆల్డర్సన్?” అంది.

“చెప్పొచ్చు. చెప్పలేదు.”

“మా అక్కకి నేను ఏమని రాయను ఇప్పుడు?”

“ముసల్ది అబద్ధం ఆడిందని రాయండి.”

“మీరు అబద్ధం ఆడలేదు కదా, నేనే సరిగా...”

“ఆడాను. నోటితో కాదు” అన్నాను. ఆవిడ ముక్కు తుడుచుకుంది. పిల్లలంతా పలకలు పక్కనపెట్టి మమ్మల్నే చూస్తున్నారు.

స్టేషన్ సంగతి రాశావు. చలేస్తే వాడికి ఆకలీ వేసేది, చిన్నప్పటినుంచీ అంతే. ఆ బన్ను తినే ఉంటాడు.

ఒక్కటి అడుగుతాను, దీనికి రెండు అర్థాలు లేవు. క్రాగ్‌బెక్ మొహం చూడనని వాడు నిజంగా అన్నాడా, నువ్వు కోపంలో అల్లావా? ఏదైనా సరే, ఉన్నది రాయి. నన్ను ఊరుకోబెట్టడానికి మాత్రం రాయకు.

డోర్కస్


లూయిస్
1947 ఏప్రిల్ 21

అత్తయ్యా,

మీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. కోపంలో అల్లానని రాస్తే అందరికీ బాగుంటుంది. అలా రాసి, చదివి, పొయ్యిలో వేశాను.

అన్నాడు. ఆఖరి సెలవుకి ముందు సెలవులో. ఇద్దరం మా నాన్న తోటలో క్యాబేజీలు నాటుతున్నాం. “యుద్ధం అయ్యాక నేనింక క్రాగ్‌బెక్ మొహం చూడను” అన్నాడు. “అక్కడ గొర్రెలు తప్ప పని లేదు, మా నాన్న ఆ కొండమీదే అరిగిపోయాడు, నేను అరగను” అన్నాడు.

మీకు రాసినప్పుడు నేను అక్కడితో ఆపేశాను. అక్కడితో అయిపోలేదు. వెంటనే అన్నాడు, “అమ్మను ఇక్కడికే తెచ్చేసుకుందాం. ఆ మంచులో ఒక్కతే ఎందుకు? వెనక గది బాగుచేస్తే ఆవిడకి సరిపోతుంది, పొయ్యి నేను కడతాను” అని.

నేనేమన్నానో కూడా రాస్తాను. “చూద్దాంలే” అన్నాను.

దానికి మాత్రం పాత అర్థాలూ కొత్త అర్థాలూ వెతకక్కర్లేదు. మా ఊళ్లో అయినా మీ ఊళ్లో అయినా అది వద్దనడమే. రూబెన్‌కీ అర్థమైంది. వంగి మట్టి కప్పడంలో పడ్డాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఇంకో సెలవుకి వచ్చాడు, అప్పుడూ ఎత్తలేదు. ఆ తర్వాత రాలేదు.

తన మాటలో సగం మీకిచ్చి, మీకు దక్కాల్సిన సగం నేను మింగేశాను. కొట్లో నవ్విన ఆడవాళ్ల మీద నాకు కోపం వచ్చింది కదా, వాళ్లకి తెలియక నవ్వారు. నేను తెలిసి రాశాను.

ఇంకొకటి కూడా రాయాలి. అక్టోబర్లో మిమ్మల్ని వంటింట్లోంచి ముందు గదికి తీసుకెళ్లింది మర్యాదకే అన్నట్టు మార్చిలో మీకు రాశాను. అప్పుడు నేనూ అలాగే నమ్మాను. ఇప్పుడు ఆ నమ్మకం లేదు. మీరు పొయ్యి దగ్గర కూర్చుంటే ఇక లేవరేమోనని భయపడ్డానేమో.

మిసెస్ టప్పెన్‌కి చెల్లెలి ఉత్తరం వచ్చిందట. కొట్లోకి వచ్చి, “పాపం చలికట, విన్నావా” అంది. అందరికీ చెప్పింది. ఎవరికీ గుర్తే లేదు. ‘ఏ అత్తగారు?’ అని ఒకావిడ అడిగింది.

ఐవీ


క్రాగ్‌బెక్
1947 మే 15

ఐవీకి,

నీ జాబు వచ్చి చాలా రోజులైంది. రాయాలనిపించక రాయలేదు. కోడలేం రాసిందని నాన్ అడిగితే, పిల్ల బాగుందట అన్నాను.

క్షమించానని రాయను. రాస్తే నువ్వు నమ్ముతావు, నేను కూడా నమ్మాలి కదా. ముందు కోపం వచ్చింది. గోడ పక్కన కూర్చుని, వాడు కడతానన్న పొయ్యి ఎలా ఉండేదో అనుకున్నాను. వాడు కట్టిన పొయ్యిలు పొగ చిమ్మేవి, నీకు తెలియదు. ‘చూద్దాంలే’ అని నేనూ ఒకప్పుడు అన్నాను, ఎవరి గురించో నీకనవసరం. ఆ మనిషి ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు.

అయినా వాడు ఆ మాట అన్నాడని నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. నీకు నష్టమని తెలిసీ రాశావు. అది చూశాను.

మందలో మూడొంతులు పోయాయి. మంచు కరిగాక గోడల వెంట వరసగా బయటపడ్డాయి. జెత్రో నేను చూడకుండా పూడ్చాలని చూశాడు, వెళ్లి చూశాను. మిగిలిన వాటికి ఇప్పుడు పిల్లలు పుట్టాయి, తక్కువే. లేచి నిలబడుతున్నాయి.

పెంతెకొస్తు సెలవులకి కొట్టు మూస్తారుగా. రూత్‌ని తీసుకుని రా. నేను నా ఇంటికి వచ్చేశాను. లోపల సామాను లేదు, చూసి మొహం అదోలా పెట్టకు. ముగ్గురికీ పొయ్యి ముందే నేలమీద పక్కలు వేస్తాను. తిండికి ఏముంటే అది.

శనివారం బస్సు సాయంత్రం వస్తుంది. వంతెన దగ్గర ఉంటాను. ఈ కాలితో ఎత్తు ఎక్కడం నాకు ఆలస్యం. రూత్ ముందు పరిగెడితే పరిగెట్టనీ, ఉన్నది ఒకటే దారి, తప్పిపోదు. నువ్వు నా పక్కన నడవాలి. ఏమీ మాట్లాడనక్కర్లేదు. చెయ్యి మాత్రం అందించు, అక్కడ రాళ్లు జారుతున్నాయి.

మీ అత్త,
డోర్కస్